ఎడమకి లాగే రెక్క: ఒక ట్రైక్ వింగ్ ట్యూనింగ్ కేసు

ట్రైక్ అంటే బట్ట రెక్క కింద ఇంజన్ బండి వేలాడే తేలికపాటి విమానం. దాని వింగ్ (రెక్క) ఒక పక్కకి లాగుతోందంటే చాలామంది ముందుగా టిప్ (రెక్క చివర) దగ్గరికే వెళ్తారు. అక్కడ తిప్పడానికి ఒక ఏర్పాటు ఉంటుంది, తిప్పితే తేడా కనిపిస్తుంది, పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆ అలవాటు ఎంత ప్రమాదమో చూపించిన కేసు ఇది. ఎయిర్‌స్ట్రిప్ పేరు, వింగ్ తయారీదారు, రిజిస్ట్రేషన్, తేదీలు కావాలనే రాయడం లేదు.

నేపథ్యం

దక్షిణ భారతంలో, సముద్రానికి దూరంగా, ఎర్రమట్టి నేల మీద చిన్న స్ట్రిప్. అక్కడ శిక్షణకి వాడే రెండు సీట్ల ట్రైక్. ఇంజన్ రోటాక్స్ 582, రెండు స్ట్రోకులది, 65 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. వింగ్ పాతదే కానీ బాగా చూసుకున్నది. సెయిల్, అంటే రెక్కకి తొడిగేది, పాలియెస్టర్ బట్ట. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ఈ బట్ట, దాని కుట్లు మెల్లగా బలం కోల్పోతాయి కాబట్టి ఎగరని సమయంలో కవరు వేసేవాళ్ళు.

ట్రైక్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. దీనికి ఎలెరాన్లు, చుక్కాని, తోక ఏవీ ఉండవు. మనుషులూ ఇంజనూ ఉన్న బండి మొత్తం రెక్క కింద ఒకే బోల్టుకి వేలాడుతుంది. పైలట్ చేతిలో రెక్కకి బిగించిన అడ్డ బార్ ఉంటుంది. బార్‌ని ఎడమకి తోస్తే మన బరువు కుడికి జరుగుతుంది, రెక్క కుడికి ఒరుగుతుంది. బార్ దగ్గరికి లాక్కుంటే వేగం పెరుగుతుంది, ముందుకి తోస్తే తగ్గుతుంది. అంతే కంట్రోలు. అందుకే రెక్క ఆకారంలో ఎడమకీ కుడికీ మధ్య చిన్న తేడా వచ్చినా దాన్ని సరిచేసే భారం నేరుగా పైలట్ చేతుల మీద పడుతుంది.

ఫిర్యాదు

ఇన్‌స్ట్రక్టర్ అనుభవజ్ఞుడు, జాగ్రత్తపరుడు. ఫోన్లో ఆయన చెప్పింది ఇది: "సార్, కొన్ని నెలలుగా ఎడమకి లాగుతోంది. టార్క్ అనుకున్నాం. టిప్పులు సర్దితే క్రూజ్‌లో బాగానే పోతోంది. కానీ మొన్న స్టూడెంటుకి స్టాల్ చూపిస్తుంటే ఎడమ రెక్క టక్కున పడిపోయింది. ఇదివరకు ఈ వింగ్ ఎప్పుడూ అలా చెయ్యలేదు."

టార్క్ అంటే ఇంజన్ ప్రొపెల్లర్‌ని తిప్పేటప్పుడు బండిని ఎదురు దిశలో తిప్పాలని చూసే బలం. క్రూజ్ అంటే నిలకడ వేగంతో సాగే మామూలు ప్రయాణం. స్టాల్ అంటే గాలికి ఎదురయ్యే కోణం మరీ పెరిగి రెక్క తన లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) కోల్పోవడం. ఆయన బాధ ఎడమ లాగుడు గురించి. నన్ను భయపెట్టింది ఆ చివరి వాక్యం.

ఈ రకం రెక్కలో టిప్పుల దగ్గర సెయిల్ వెనక అంచు కాస్త పైకి లేచి ఉంటుంది. అంటే మధ్యభాగం కన్నా టిప్పులు తక్కువ కోణంలో గాలికి ఎదురవుతాయి. దీన్నే వాషవుట్ అంటాం. దాని వల్ల వేగం బాగా తగ్గినప్పుడు మధ్యభాగం ముందు స్టాల్ అవుతుంది, టిప్పులు ఇంకా ఎగురుతూనే ఉంటాయి. ముక్కు మెత్తగా దిగుతుంది, రెక్క ఏ పక్కకీ పడదు. ఒక రెక్క పడిందంటే ఆ పక్క టిప్ తన వాటా కన్నా ముందే స్టాల్ అవుతోందని అర్థం. ఎడమ టిప్‌లో వాషవుట్ పోయింది, లేదా ఎవరో తీసేశారు.

"ఇక ఎగరొద్దు, నేనొచ్చి చూసేదాకా పక్కన పెట్టండి" అన్నాను. వాషవుట్ స్టాల్ కోసమే కాదు. ఈ రెక్క వెనక్కి వాలిన రెక్క, టిప్పులు గురుత్వ కేంద్రానికి వెనక ఉంటాయి. ముక్కు మరీ కిందికి దిగినప్పుడు దాన్ని మళ్ళీ పైకి లేపేది ఆ టిప్పులూ, మధ్యలో వెనక అంచుని పైకి పట్టి ఉంచే లఫ్ లైన్లూ. 1970ల్లో హ్యాంగ్ గ్లైడర్లు డైవ్‌లో పడి తేరుకోలేక ఎందరో చనిపోయాక అబ్బిన జ్ఞానం అది. తోక లేని ఈ విమానం ఒకసారి ముందుకి పల్టీ కొడితే దాన్ని తిరిగి నిలబెట్టే మార్గం పైలట్ చేతిలో ఉండదు. అందుకే టిప్పుల్లో వాషవుట్ తగ్గించడమంటే ఆ పల్టీ దిశగా ఒక అడుగు వెయ్యడమే.

అప్పటికే చేసి చూసినవి

లాగుడు మొదలైనప్పుడు అక్కడివాళ్ళు ముందు ఇంజన్ టార్క్ అనుకున్నారు. అది తప్పుపట్టాల్సిన ఊహ కాదు. ఈ ఇంజన్, ఈ ప్రొపెల్లర్ జోడీతో ఫుల్ పవర్‌లో ఎడమకి కాస్త మొగ్గు ఉంటుంది, క్రూజ్‌లో అది తెలియకుండా వింగ్‌ని సర్దుకుంటారు. కాబట్టి ఎడమ టిప్ వాషవుట్ తగ్గించి కుడి టిప్‌లో పెంచారు. ఎడమకి లాగుతున్న రెక్కకి ఆ దిశ సరైనదే. కొన్ని వారాలకి మళ్ళీ లాగింది, ఇంకొంచెం తిప్పారు. అలా రెండు టిప్పులూ సర్దుబాటు ఆఖరి రంధ్రం దాకా వెళ్ళాయి.

అదీ చాలక ఎడమవైపు బయటి బ్యాటెన్లు (సెయిల్‌కి వంపు ఇచ్చే సన్నటి కడ్డీలు) రెంటిని మోకాలి మీద పెట్టి కంటి అంచనాతో మరికాస్త వంచారు, వంపు పెరిగితే ఆ పక్క లిఫ్ట్ పెరుగుతుందని. ఎడమ బ్యాటెన్ల తాళ్ళు కూడా బిగించారు. ఏది ఎప్పుడు ఎంత మార్చారో లాగ్‌బుక్‌లో లేదు. ఒకరి షిఫ్టులో చేసింది ఇంకొకరికి తెలియదు.

ఇక్కడ నాకు తోచిన మొదటి సంగతి: బాగా ఎగిరిన వింగ్ కొన్ని నెలల్లో ఇంత మారిందంటే అది ట్యూనింగ్ సమస్య కాదు, ఏదో జరిగింది. ట్యూనింగ్ అనేది కొత్త సెయిల్‌కో, మెల్లగా సాగిన బట్టకో చేసే చిన్న సర్దుబాటు. సర్దుబాటు పరిధి అయిపోయిందంటే, అది మోయాల్సిన బరువు కానిదేదో దాని మీద పడిందని అర్థం.

వీడియో చెప్పింది

లాగుడుకి కారణం పవరా, ఆకారమా అన్నది ముందు తేల్చాలి. టార్క్ ఇంజన్ పవర్‌ని బట్టి ఉంటుంది. ఇంజన్ ఐడిల్‌కి, అంటే అతి తక్కువ పవర్‌కి, తెస్తే దాదాపు పోవాలి. రెక్క ఆకారంలో తేడా అయితే ఇంజన్‌తో పనిలేదు, వేగంతో పని. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వేగం పెంచేకొద్దీ లాగుడు గట్టిపడాలి. మామూలుగా ఈ పరీక్ష గాల్లో చేస్తాం: ఒకే వేగంలో పవర్ మారుస్తూ, తర్వాత ఒకే పవర్‌లో వేగం మారుస్తూ.

ఈ వింగ్‌ని అందుకోసం గాల్లోకి పంపడం నాకిష్టం లేదు. అయితే అక్కడ జాయ్‌రైడ్ వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి ముందు స్తంభానికి కెమెరా ఒకటి బిగించి ఉంది. ఫ్రేములో పైలట్ ముఖం, బార్, ఇన్‌స్ట్రుమెంట్ పానెల్ మూడూ పడతాయి. పాత వీడియోలు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. టిప్పులు తిప్పకముందువి కూడా.

వాటిని ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చునే చూశాను. క్రూజ్‌లో బార్ నేరుగా ఉండాల్సింది ఎడమకి జరిగి ఉంది, అంటే ఆయన కుడికి బరువు వేసి ఎడమ లాగుడుని ఆపుతున్నారు. తర్వాత ఫైనల్ అప్రోచ్, అంటే దిగే ముందు చివరి భాగం, చూశాం. ఇంజన్ చప్పుడు ఐడిల్‌కి పడిపోయింది. బార్ మధ్యకి రాలేదు. వేగం కోసం ఆయన బార్ దగ్గరికి లాక్కున్నప్పుడు అది ఇంకా ఎడమకి జరిగింది. ఆయన వీడియో ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశారు. "టార్క్ కాదన్నమాట," అన్నారు.

ల్యాండింగులో చేతులు వాటంతట అవే సర్దుకుంటాయి, మనసు రన్‌వే మీద ఉంటుంది. పైలట్‌ని "ఐడిల్‌లో కూడా లాగేదా?" అని అడిగితే నిజాయతీగానే తెలియదంటాడు. బార్ ఎక్కడుందో కెమెరాకి గుర్తుంటుంది. లాగుడు ఫిర్యాదు ఏదొచ్చినా ఇప్పుడు ముందు వీడియో ఉందా అని అడుగుతున్నాను.

బ్యాటెన్లు, తర్వాత టేపు

కేబుళ్ళు, బోల్టులు, ఏ-ఫ్రేమ్, నోస్ ప్లేట్ ముందు చూశాం, వాటిలో లోపం లేదు. బ్యాటెన్లన్నీ బయటికి తీసి తయారీదారు ఇచ్చిన ప్రొఫైల్ షీటు మీద పరిచాం. లోపలివి సరిగ్గానే ఉన్నాయి. ఎడమ బయటివి రెండూ షీటు గీత మీంచి స్పష్టంగా తప్పి ఉన్నాయి. మోకాలి మీద వంచితే వంపు ఒకేచోట పడుతుంది, ముందుభాగంలో మెత్తగా రావాల్సిన వంపు నడుమ మడతలా వస్తుంది. వాటిని గీతకి తెచ్చి, ఎడమ కుడి ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూసి, తాళ్ళ బిగువు రెండువైపులా సమం చేశాం.

ఓనరు అప్పుడే వచ్చారు. "బ్యాటెన్లు సరిచేశారుగా సార్, ఒక్క సర్క్యూట్ కొట్టి చూద్దాం" అన్నారు. వారాంతం బుకింగులు ఆయన బాధ. వద్దన్నాను. ఆ వంచిన బ్యాటెన్లు తప్పే, కానీ అవి ఎడమ లాగుడుకి ఎదురు పనిచేస్తున్న తప్పు. వాటిని సరిచేశామంటే లాగుడు తగ్గలేదు, పెరిగింది. ఎంత పెరిగిందో తెలియదు. టిప్పుల్లో సర్దుకునే చోటు మిగల్లేదు. అలాంటి రెక్కతో టేకాఫ్ తర్వాత గాలి కుదుపొకటి వస్తే మనిషి చేతుల బలం చాలుతుందో లేదో గాల్లో తేల్చుకోవాల్సిన విషయం కాదు. ఆయన ఇష్టంగా కాకపోయినా ఒప్పుకున్నారు.

సెయిల్ బిగించి రెక్కని నేల మీదే నిలిపి కింద నుంచి చూశాను. ఎడమ బయటి భాగంలో లీడింగ్ ఎడ్జ్ (లోపల గొట్టం ఉండే రెక్క ముందు అంచు) నుంచి టిప్ వైపు ఏటవాలుగా సన్నటి ముడతలు. కుడివైపు అదే చోట బట్ట డోలు తోలులా బిగిసి ఉంది. ఎడమ సెయిల్ వదులుగా ఉంది. వదులు సెయిల్ గాల్లో ఎక్కువ మెలితిరుగుతుంది, అంటే వాషవుట్ పెరుగుతుంది, ఆ పక్క లిఫ్ట్ తగ్గుతుంది. ఎడమ లాగుడుకి ఇది సరిపోతుంది; స్టాల్‌లో ఎడమ రెక్క పడింది మాత్రం ఆ లాగుడుని ఆపడానికి టిప్‌లో తీసేసిన వాషవుట్ వల్ల. వదులు బట్టదా, లోపలి గొట్టానిదా? సూది గుచ్చి స్ప్రింగుతో లాగే బెట్సోమీటర్‌తో బట్ట బలం పరీక్షించాం. రెండువైపులా మాన్యువల్ పరిధిలోనే ఉంది. బట్ట సాగడాన్ని ఆ పరీక్ష చెప్పదు కానీ ఒక పక్క కుళ్ళి, ఇంకో పక్క బాగుండే పరిస్థితి లేదని తెలిసింది.

అప్పుడు టేపు. నోస్ బోల్టు నుంచి టిప్ చివర దాకా కొలిస్తే రెండువైపులా ఒకటే వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగి "సమానమే" అనేస్తారు. కానీ పొడవాటి గొట్టం చివర పక్కకి రెండు సెంటీమీటర్లు వంగినా నిలువు పొడవులో తేడా మిల్లీమీటరు కూడా రాదు, ఆ కొలతకి వంపు కనిపించదు. వంపుని పట్టాలంటే దానికి అడ్డంగా కొలవాలి. కీల్ (రెక్క మధ్యలో ముందు నుంచి వెనక్కి పోయే గొట్టం) వెనక చివర నుంచి టిప్ దాకా కొలిచాం. ఎడమవైపు దాదాపు 20 మి.మీ. తక్కువ.

దీనికి ఇంకో వివరణ ఉంది: కీల్ చివరే ఎడమకి జరిగి ఉండొచ్చు. అందుకని కీల్ చివర నుంచి క్రాస్‌బూమ్ (రెక్కకి అడ్డంగా ఉండే గొట్టం) లీడింగ్ ఎడ్జ్‌ని కలిసే చోటు దాకా కొలిచాం. రెండువైపులా సమానం. కీల్ జరిగి ఉంటే ఇక్కడా తేడా రావాలి. కాబట్టి తేడా అంతా క్రాస్‌బూమ్ జాయింటుకి బయట, ఎడమ లీడింగ్ ఎడ్జ్ బయటి గొట్టంలో ఉంది. సెయిల్ విప్పకుండా, ఒక టేపుతో, పావుగంటలో అక్కడిదాకా వచ్చాం. ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

నేను కొలతలు రాసుకుంటుంటే టేపు రెండో కొస పట్టుకున్న హెల్పరు కుర్రాడు మెల్లగా అన్నాడు: "అన్నా, వానాకాలంలో ఓసారి గాలొచ్చి బండి ఒరిగింది. ఎడమ చివర నేలకి తగిలింది. కట్టిన తాడు ఊడిపోయింది అప్పుడు. బట్ట చిరగలేదని ఎవరూ విప్పి చూళ్ళేదు."

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదన్నా."

లాగుడు మొదలైన నెలతో ఆ సంగతి సరిపోయింది.

సెయిల్ విప్పాక

సెయిల్ తీసి గొట్టాలు స్టాండ్ల మీద పెట్టి చేపల గాలం దారం చివర నుంచి చివరకి లాగి కట్టాం. లోపలి గొట్టంలోంచి బయటి గొట్టం స్లీవు దాటి బయటికొచ్చే అంచు దగ్గర వంపు మొదలైంది. గట్టి గొట్టం అంతమై పలచటి గొట్టం మొదలయ్యే చోటు అది, దెబ్బ తగిలితే బలమంతా అక్కడే చేరుతుంది. వేలితో తడిమితే గొట్టం గుండ్రంగా లేదు, కొంచెం కోలగా ఉంది. పై పూత మీద వెంట్రుకంత సన్నటి గీతలు, దీపం పక్క నుంచి వేస్తేనే కనిపించేవి.

ఇన్‌స్ట్రక్టర్ అడిగారు, దీన్నే మెల్లగా వంచి సరిచెయ్యలేమా అని. చెయ్యలేం. ఈ గొట్టాలు 6061, 6082 లాంటి అల్యూమినియం మిశ్రమాలు, టీ6 హీట్ ట్రీట్‌మెంట్ చేసినవి. ఒకసారి శాశ్వతంగా వంగిన చోట లోహం అప్పటికే సాగి గట్టిపడి ఉంటుంది. తిరిగి వంచితే చూపుకి నేరుగా కనిపిస్తుంది, లోపల పగులుకి మాత్రం చోటు సిద్ధమవుతుంది. వెయ్యి అడుగుల ఎత్తున మనుషుల్ని మోసే గొట్టం అది. తయారీదారు దగ్గరి నుంచి అదే పార్టు తెప్పించి మార్చాం. స్లీవు, బోల్టు రంధ్రాలు, కుడివైపు గొట్టం అన్నిటికీ డై పెనెట్రెంట్‌తో పగుళ్ళ పరీక్ష చేశాం, ఏమీ లేవు.

పార్టు వచ్చేదాకా ఓనరు బుకింగులన్నీ రద్దు చేసుకున్నారు. ఆ నష్టం చిన్నది కాదు. ఆయన ఒక్కసారి కూడా తొందర పెట్టలేదని ఇక్కడ రాయాలి.

మళ్ళీ గాల్లోకి

సెయిల్ తొడిగాక అన్నిటినీ ఫ్యాక్టరీ స్థితికి తెచ్చాం: బ్యాటెన్లు షీటు ప్రకారం, సెయిల్ బిగువు గుర్తుల దగ్గర, టిప్పులు మధ్యలో. లఫ్ లైన్ల పొడవు కొలిచి మాన్యువల్‌తో సరిచూశాం తప్ప వాటిని ముట్టుకోలేదు. వేగం సర్దడానికో బార్ బరువు తగ్గించడానికో లఫ్ లైన్లు వదులు చేసేవాళ్ళున్నారు. అది ఎప్పుడూ చెయ్యకూడని పని. ట్రిమ్ వేగం (బార్ వదిలేస్తే రెక్క తనంతట నిలుపుకునే వేగం) మార్చాలంటే బండి వేలాడే హ్యాంగ్ బ్రాకెట్‌ని కీల్ మీద మాన్యువల్ అనుమతించిన రంధ్రాల్లోనే ముందుకో వెనక్కో జరపాలి.

టెస్ట్ ఫ్లైటు తెల్లవారాక, నేల వేడెక్కకముందే. ఎండ ముదిరితే ఎర్రమట్టి మీంచి లేచే థర్మల్స్ రెక్కని ఎటుపడితే అటు ఎత్తుతాయి, లాగుడు వింగ్‌దా గాలిదా తెలియదు. ముందు ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరే ఎగిరారు, బాగుందని తేలాకే రెండో మనిషి బరువుతో. బరువు పెరిగితే సెయిల్ మీద భారం పెరిగి మెలిక మారుతుంది, ఒంటరిగా నేరుగా పోయిన రెక్క ఇద్దరితో ఒక పక్కకి మొగ్గొచ్చు. అందుకని రెండూ విడిగా రాసుకోవాలి.

ఫలితం: క్రూజ్‌లో ఎడమకి కొంచెం మొగ్గు, వేలితో ఆపగలిగినంత. రెండు టిప్పుల్నీ ఒక్కొక్క రంధ్రం మాత్రమే తిప్పాం, ఎడమలో తగ్గిస్తూ కుడిలో పెంచుతూ. ఒకే పక్క రెండు రంధ్రాలు తిప్పడం కన్నా సర్దుబాటుని రెండు పక్కలా పంచడమే మేలు, ఏ టిప్పూ తన సహజ స్థితి నుంచి దూరం జరగదు. మళ్ళీ ఎగిరితే క్రూజ్‌లో చేతులు వదిలినా నేరుగా పోయింది. తర్వాత చాలినంత ఎత్తు తీసుకుని స్టాల్ చూశారు, ముందు మెల్లగా, తర్వాత కాస్త ముక్కు ఎత్తి. ప్రతిసారీ ముక్కు మెత్తగా దిగింది, రెక్కలు సమంగా ఉన్నాయి. నాకు కావలసింది క్రూజ్ కన్నా ఈ ఫలితం.

ఒక్కటి మిగిలింది. ఐడిల్‌లో రెక్క కుడికి కొద్దిగా మొగ్గుతుంది, ఫుల్ పవర్‌లో ఎడమకి. "ఇంకో రంధ్రం వెనక్కి తిప్పితే ఐడిల్‌లో కూడా నేరుగా పోతుంది కదా సార్?" అన్నారు ఇన్‌స్ట్రక్టర్. పోతుంది, క్రూజ్ చెడుతుంది. ఇది టార్క్ వాటా, పవర్‌తో మారేది. టిప్ సర్దుబాటు పవర్‌తో మారదు, కాబట్టి అది ఏదో ఒక పవర్‌కే సరిపోతుంది. ఎక్కువసేపు ఎగిరే క్రూజ్ పవర్‌కి సరిపోయేలా పెట్టి మిగతా రెండింటినీ పైలట్‌కి వదిలెయ్యాలి. స్టూడెంట్లకి దీన్ని ముందే చెబితే లోపమనుకోరు.

ఇలాంటి కేసు వచ్చినవాళ్ళకి

వింగ్ ఒక పక్కకి లాగితే మొదటి ప్రశ్న "ఎంత తిప్పాలి" కాదు, "ఎప్పటినుంచి" అని. మెల్లగా ఏళ్ళ మీద వచ్చిందా, ఒక రోజు నుంచి వచ్చిందా? ఆ ప్రశ్న పైలట్‌ని మాత్రమే అడగొద్దు. బండిని తోసేవాళ్ళని, కవరు వేసేవాళ్ళని, రాత్రి కాపలా ఉండేవాళ్ళని అడగాలి. నేల మీద జరిగేవి వాళ్ళకే తెలుస్తాయి.

పాత సర్దుబాట్లని ఊహతో తీసెయ్యడం, వాటి మీద కొత్తవి పెట్టడం రెండూ ప్రమాదమే. ప్రస్తుతం ఏది ఎక్కడుందో ముందు రాసుకోవాలి, ఫోటో తియ్యాలి. ఆ తర్వాత ఒక ఫ్లైటుకి ఒక మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం ఏ మార్పుదో ఎవరూ చెప్పలేరు. టిప్ సగం పరిధి దాటిందంటే ఎగరడం ఆపి టేపు తియ్యాలని నేను పెట్టుకున్న హద్దు. మాన్యువల్ ఇంతకన్నా ఎక్కువ అనుమతించినా నేను వెళ్ళను.

టిప్ నేలకి తగిలిన ప్రతిసారీ, బట్ట చిరిగినా చిరగకపోయినా, కీల్ చివర నుంచి రెండు టిప్పులకీ, రెండు క్రాస్‌బూమ్ జాయింట్లకీ కొలత తీసి లాగ్‌బుక్‌లో రాయాలి. తేడా ఉంటే సెయిల్ విప్పాలి.

ఆ స్ట్రిప్‌లో ఇప్పుడు వింగ్ ఆరోగ్యంగా ఉన్నప్పటి నాలుగు కొలతలు లాగ్‌బుక్ మొదటి పేజీకి అంటించి ఉన్నాయి. టిప్, బ్యాటెన్, హ్యాంగ్ బ్రాకెట్ దేన్ని ముట్టుకున్నా తేదీ, పాత స్థానం, కొత్త స్థానం, కారణం, సంతకం రాసే కాలమ్స్ ఉన్న కార్డు వెనక పేజీలో ఉంది. మొన్న యాన్యువల్ తనిఖీకి సెయిల్ విప్పినప్పుడు కొత్త గొట్టం దారానికి నేరుగానే ఉంది, టిప్పులు మేం వదిలిన రంధ్రాల్లోనే ఉన్నాయి. ఆ హెల్పరు కుర్రాడికి ప్రతి సాయంత్రం టై-డౌన్ తాళ్ళు చూసి సంతకం పెట్టే బాధ్యత ఇచ్చారు.